వస్తా ఉండా, కాస్త ఆగండి

నెల్లూరు బస్టాండులో నిలబడితే నాకు ఊళ్ళ పేర్లు వినపడవు, ఇంగ్లీషు అక్షరాలు వినపడతాయి. కండక్టరు మెట్టు మీద ఒక కాలు పెట్టి "అల్లూరు, అల్లూరు" అని అరుస్తాడు. నాకది ఏ. పక్క బస్సువాడు "దగదర్తి" అంటాడు. అది డి. బిట్రగుంట బి, చిల్లకూరు సి. మొన్న పని మీద నెల్లూరొచ్చి నాయుడుపేటకి తిరిగి వెళ్తుంటే ఇద్దరు కండక్టర్లు పోటీపడి అరుస్తున్నారు. అల్లూరు, దగదర్తి, దగదర్తి, అల్లూరు. నా వేళ్ళు వాటంతటవే సంచీ మీద టైపు కొట్టడం మొదలుపెట్టాయి. ఈలోగా నా బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని, ఈ పిచ్చి నాకు అంటించి పోయినవాణ్ణి తిట్టుకున్నాను.

అతను అల్లూరులో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు నడిపేవాడు. ఉన్నది ఒక్క గది. ముందు సగంలో రైతులు తెచ్చిన నీళ్ళ సీసాలు, వెనక సగంలో ఎవరో పారేయబోతే అడిగి తెచ్చుకున్న పాత కంప్యూటర్లు. నీళ్ళ పని పొట్ట కోసం. రెండో పని దేనికోసమని చాలాసార్లు అడిగాను. నవ్వేవాడు గానీ చెప్పేవాడు కాదు.

ఆ రెండో పని ఇమేజిలు తయారుచేయడం. కంప్యూటర్ నడవడానికి కావలసిన సరంజామా అంతా, ఆపరేటింగ్ సిస్టం దగ్గర్నుంచి తెలుగు కీబోర్డు దాకా, ఒకే పెద్ద ఫైలుగా మూటకట్టడాన్నే ఇమేజ్ చేయడం అంటారు. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఎంత ముసలి కంప్యూటర్‌కి గుచ్చినా అది లేచి కూర్చోవాలి. నెట్టు లేకపోయినా పనిచేయాలి. సముద్రం పక్క ఊళ్ళ బళ్ళలో, పంచాయతీ ఆఫీసుల్లో మూలపడిన కంప్యూటర్లు అతని ఇమేజిలతోనే మళ్ళీ లేచాయి. ఎవరడిగినా ఇచ్చేవాడు. నెట్టులో కూడా అందరికీ అందేలా పెట్టేవాడు.

నాకు నాయుడుపేటలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఒకరోజు ఒక మాస్టారు తన బడి కంప్యూటర్ తెచ్చి, లోపల ఏదో గరగరమంటోందని చెప్పి వెళ్ళాడు. స్విచ్చి వేశాను. తెర నల్లగానే ఉంది. ఉన్నట్టుండి లోపల్నుంచి ఒక మగగొంతు "వస్తా ఉండా... కాస్త ఆగండి" అంది. చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పడేశాను. దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. చాలాసేపటికి తెర వెలిగింది, ఒక మూల ఫోన్ నంబరు కనిపించింది. నవ్వులపాలైన కోపంతో వెంటనే ఫోన్ చేశాను.

"ఏందయ్యా, కంప్యూటర్లో మనిషిని కూర్చోబెట్టినావా?" అన్నాను.

"భయపడినారా అన్నా?" అంది అవతలి గొంతు. అదే గొంతు. "ముసలి మిషన్లు గదన్నా, లేచేదానికి టైం పడతది. స్క్రీను నల్లంగా ఉంటే చచ్చిందనుకోని జనం స్విచ్చి ఆపేస్తారు. మజ్జలో ఆపితే నిజంగానే చస్తది. ఎవురో ఒకరు లోపల్నించి పలకాల గదా?"

తిట్టడానికి ఇంకేం మిగల్లేదు. ఆ వారంలోనే అల్లూరు వెళ్ళాను. ఇంత మర్యాదగా జవాబు చెప్పినవాడి మొహం ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. సన్నటి మనిషి, చెవుల పైన మాత్రమే నెరిసిన జుట్టు. కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు పొడిగా ఉన్నా సరే లుంగీకి తుడుచుకునేవాడు. నీళ్ళ సీసా వస్తే ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసి చూసేవాడు. చెబితే నమ్మరు, పెన్‌డ్రైవునీ అలాగే ఎత్తి పట్టుకుని చూసేవాడు. "దాంట్లో ఏం కనపడతాది నీకు?" అంటే "ఏం కనపడదన్నా, అలవాటు" అనేవాడు.

నేను వెళ్ళిన రోజే ఒక రైతు సీసా తెచ్చాడు. మనవాడు దాన్ని లైటుకి పెట్టి చూసి, పరీక్ష చేయకుండానే తిరిగి ఇచ్చేశాడు.

"ఒడ్డున ముంచుకొచ్చినావు గదా?"

"ఎట్టా కనిపెట్టినావు సామీ?"

"చెప్పులు తడవలేదు నీయి. పొయ్యి గుంట మజ్జలో నించి తే. నువ్వొక్కడివే గాదు, నీ తమ్ముణ్ణి కూడా యేరేగా తెమ్మను. రెండూ ఒకేమాదిరి వస్తేనే నేను మందు చెప్పేది."

రైతు గొణుక్కుంటూ వెళ్ళాడు. ఇమేజిల విషయంలోనూ మనిషి అచ్చం ఇంతే. చేసినవాడు తన పనిని తనే చూసుకోకూడదన్నది అతని మొదటి పట్టు. "నేను చేసినదాంట్లో తప్పు నాకు కనపడదన్నా. నేను చెయ్యాలనుకున్నదే నాకు కనపడతది" అనేవాడు. అలా చూసే పని నా నెత్తిన పడింది. అతను అల్లూరులో తయారుచేస్తాడు, నేను నాయుడుపేటలో నా మిషను మీద నడిపి చూస్తాను. నేను సరే అన్నాకే అది బళ్ళకి పోతుంది. నాకు జీతమా భత్యమా? అయినా ఒక్కసారి కూడా కాదనలేకపోయాను.

రెండో పట్టు, ఫైలూ దాని వరసా ఒకే దారిలో రాకూడదు. వరస అన్నది అతని మాట. ఇమేజ్ ఫైలు మొత్తాన్నీ లెక్కగట్టి కంప్యూటర్ ఒక పొడవాటి గుర్తు ఇస్తుంది, అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన వరస. ఫైల్లో ఎక్కడ ఒక్క చుక్క చెదిరినా వరస వేరేదైపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఫైలుకి అదే వరస వస్తే, అతని చేతిలోంచి బయల్దేరింది బయల్దేరినట్టు నాకు చేరిందని అర్థం. అందుకని పెన్‌డ్రైవు మందుల కవర్లో చుట్టి తెలిసిన కండక్టరు చేతికిచ్చి పంపేవాడు. వరస మాత్రం ఫోన్లో చదివేవాడు. నేను టైపు కొట్టుకునేవాణ్ణి.

ఫోన్లో బీ అన్నా డీ అన్నా ఈ అన్నా ఒకేలా వినపడి మొదట్లో ఇద్దరం పోట్లాడుకున్నాం. దాంతో ఊళ్ళ పేర్లు పెట్టాడు. అల్లూరు, బిట్రగుంట, చిల్లకూరు, దగదర్తి, ఈపూరు. ఎఫ్ దగ్గర ఆగిపోయాడు. "మన జిల్లాలో ఎఫ్‌కి ఊరు లేదే" అని నిజంగానే బాధపడి, తల మీద తిరుగుతున్న ఫ్యానుని చూసి "పోనీ, ఫ్యాను" అన్నాడు. సిగ్నల్ కోసం ల్యాబు ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి "అల్లూరు ఏడు, దగదర్తి రెండు, ఫ్యాను, ఫ్యాను" అని చదువుతుంటే, టీ అంగడాయన కొన్నాళ్ళు ఓర్చుకుని, "ఏందబ్బయా, మట్కా నంబర్లా? పోలీసులొస్తే నా అంగడి గూడా మూయిస్తారు" అన్నాడట. ఆ ముక్క ఫోన్లోనే నాకు చెప్పి, నవ్వు ఆపుకోలేక, వరస తప్పి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

చివరి అక్షరం కలిశాక నేను "సరిపోయింది" అనాలి. అతను "అయితే పెట్టేయండి" అనాలి, అంటే ఇమేజిని అందరికీ అందేలా బయట పెట్టేయమని. ఈ రెండు మాటలూ అనుకోకుండా మేమెప్పుడూ ఫోన్ పెట్టెయ్యలేదు.

అతని భార్య హైస్కూల్లో ఆయాగా పనిచేస్తుంది. పొద్దున్నే గదుల తాళాలు తీసి, ఊడ్చి, మాస్టారు వచ్చేలోగా కంప్యూటర్లకి స్విచ్చి వేసి ఉంచడం ఆమె పని. కంప్యూటర్లో గొంతు పెట్టాలన్న ఆలోచన అతనిదే గానీ ఎవరో ఆడమనిషి చేత చదివిద్దామనుకున్నాడట. ఈమె పడనివ్వలేదు. "ఎవురిదో ఎందుకు? నీదే పెట్టు. నేనే గదా పొద్దున్నే యినాల్సింది" అందట. బడి గదిలో మిషన్లు ఒక్కోటి ఒక్కో తీరున ముసలివి. అన్నిటికీ ఒకేసారి స్విచ్చి వేసినా, కిటికీ దగ్గరది ముందు పలుకుతుంది, మూలది తర్వాతెప్పుడో పలుకుతుంది. వస్తా ఉండా... వస్తా ఉండా... ఈమె చీపురుతో తిరుగుతూ "రా, రా, ఎవురొద్దన్నారు" అని జవాబు చెప్పేది.

ఒకసారి నా ముందే ఆమె అతన్ని దెప్పింది. "ఇంట్లో అన్నం పెట్టి పిలిస్తే వస్తా ఉండా అంటాడన్నా. అన్నం చల్లారిపోయిందాకా రాడు. బళ్ళో మాత్రం పిలవకపోయినా పలకతాడు." అతను తల వంచుకుని పెన్‌డ్రైవుని లైటుకి పెట్టి చూసుకున్నాడు.

ఒక్క విషయంలో అతను నాకు అర్థం కాలేదు. కొత్త ఇమేజ్ బయటికి వెళ్ళిన రోజే పాతదాన్ని తుడిచేసేవాడు. తన దగ్గర, నెట్టులో, నా దుకాణంలో, ఎక్కడా మిగలనిచ్చేవాడు కాదు. అతను మొట్టమొదట చేసిన ఇమేజ్ నా దగ్గర ఒకటి ఉంటే అదీ తీసేయమన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"నీ చేత్తో చేసిన మొదటిది కదయ్యా. గుర్తుగా ఉండనీ."

"గుర్తుకైతే ఫోటో పెట్టుకోండన్నా. ఇది వాడేదానికి చేసింది. పాతది ఉంటే ఎవురో ఒకరు తెలవక దాన్నే వాడతారు, ఇబ్బంది పడతారు. చచ్చిన రొయ్యని గుంటలో ఉంచుకుంటారా ఎవురన్నా? ఎంత పెద్ద రొయ్యైనా తీసేయాల్సిందే."

ఆ రోజు అతని ముందే తీసేశాను. తీసేశాక అతను చేతులు లుంగీకి తుడుచుకుని, టీ తాగుదాం రమ్మన్నాడు.

తర్వాత ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. మొదట దగ్గన్నాడు, ఆ తర్వాత దగ్గని కూడా అనలేదు. నెల్లూరు ఆసుపత్రిలో చూడబోతే, ఒళ్ళో ల్యాప్‌టాపు పెట్టుకుని దిండుకి ఆనుకుని ఉన్నాడు. చివరి ఇమేజ్ అక్కడే పూర్తిచేశాడు. పాతదాంట్లో బడి పిల్లల పరీక్షల సైట్లు తెరుచుకోవడం మానేశాయి, కొత్తది అందేలోగా తను పోతానేమోనని అతని తొందర. నర్సు వచ్చి మూసేయమంటే "వస్తా ఉండా, కాస్త ఆగండమ్మా" అన్నాడు. ఆమెకి ఏమీ అర్థం కాలేదు. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను.

రెండ్రోజులకి ఫోన్ చేశాడు. వరస చదవడానికి. ఒక్కో ఊరికీ ఊపిరి తీసుకుంటున్నాడు. అల్లూరు అన్నాక నాలుగు అనడానికి ఎంతసేపో పట్టింది. "రేపు చదువుదువులే" అన్నాను. "లేదన్నా, కొట్టుకోండి" అన్నాడు. కొట్టుకున్నాను. చివరి అక్షరం చెప్పాక, "పెన్‌డ్రైవు మా ఆవిడ కాడుంది. ఆమె చదవతది, మీరు చూడండి. ఈసారి కొంచెం చిన్నదైందన్నా ఇమేజి" అన్నాడు.

"ఏం తీసేశావేంది?"

"ఏందో ఒకటి తీసేసినాలే. ఇంక అక్కర్లేదు."

అక్షరాల ఫాంటు ఏదో తీసేసి ఉంటాడనుకున్నాను. ఆ తర్వాత అతనితో మాట్లాడింది లేదు.

కర్మలన్నీ అయ్యాక అల్లూరు వెళ్ళాను. చూసే మిషను చేసినవాడిది కాకూడదు కాబట్టి ల్యాబులో కాకుండా బడిలోనే చూద్దామన్నాను. సెలవురోజు మధ్యాహ్నం. ఆమే తాళం తీసింది. మనిషి సగమైపోయింది గానీ గది మాత్రం ఊడ్చి పెట్టి ఉంది. కొంగు ముడిలోంచి పెన్‌డ్రైవు తీసి ఇచ్చింది. ఇచ్చే ముందు దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. తనకా సంగతి తెలియదనుకుంటాను.

మూలనున్న మిషనుకి గుచ్చి స్విచ్చి వేశాను. ఆమె నా వెనక నిలబడింది. ఇద్దరం దేనికోసం ఎదురుచూస్తున్నామో ఇద్దరికీ తెలుసు. తెర నల్లగా ఉంది. గొంతు రాలేదు. కాసేపటికి తెర మధ్యలో తెల్లటి అక్షరాలు వచ్చాయి. 'మొదలవుతోంది. దయచేసి వేచి ఉండండి.' బ్యాంకుల గోడల మీద ఉండే భాష, ఎవరి నోటిదీ కాని మాట.

"గొంతు రాలేదే అన్నా?"

స్పీకరు వైరు కదిపి చూశాను. సౌండు పెంచాను. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆ అక్షరాలే. పాత ఇమేజ్ ఉన్న పక్క మిషను వేస్తే అది మామూలుగానే పలికింది. వస్తా ఉండా... కాస్త ఆగండి. ఆమె అటు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్షరాలు గూడా పెట్టుంటాడు, గొంతు గూడా పెట్టుంటాడు" అంది. "పెన్‌డ్రైవులోకి ఎక్కేటప్పుడు గొంతు చెడిపొయ్యుంటది. అట్టా చెడిపోతాది గదన్నా? ఆయనే చెప్పేవాడు. వరస చూడండి. వరస కలవకపోతే ఆయన ల్యాప్‌టాపులో మంచిది ఉంటాది, దాన్ని తీసుకుందాం."

అవును, చెడిపోవచ్చు. నేనూ అదే పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో వరస కలవాలని తప్ప కలవకూడదని కోరుకున్నది అదొక్కసారే. కంప్యూటర్ చేత లెక్క కట్టించి, తెర మీద వచ్చిన వరస ముందు ఆమెని కూర్చోబెట్టాను. అతను ఫోన్లో చెబుతుండగా నేను కొట్టుకున్న వరస కాగితం మీద నా చేతిలో ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, కానీ ఆ ఆరు అక్షరాలూ వాటి ఊళ్ళూ బాగా తెలుసు. తెర మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది.

"అల్లూరు. నాలుగు. ఫ్యాను. తొమ్మిది. దగదర్తి."

కలుస్తోంది. ఒక్కో ఊరు చెప్పి ఆమె నా మొహం చూస్తోంది. నేను తల ఊపుతుంటే ఆ మొహం వాడిపోతోంది. తల ఊపడం ఇంత పాపిష్టి పని అని నాకు అంతకుముందు తెలీదు. సగం దాటింది.

"రెండు. బిట్రగుంట. ఈపూరు."

నా దగ్గర ఈపూరు లేదు. చిల్లకూరు ఉంది. "ఈపూరేనా అమ్మా? ఇంకోసారి చూడు" అన్నాను. ఆమె తెర దగ్గరికి వంగింది. కంప్యూటర్ నా వైపు లేదు. ఆమె ఏం చెబితే అదే నాకు. ఈపూరే అని ఉంటే నేను లేచి వెళ్ళి చూసేవాణ్ణి కాను. ఆమె చాలాసేపు అలాగే వంగి చూసింది. వేలు తెర మీదే ఉంది.

"చిల్లకూరన్నా" అంది. "నేనే తప్పు చదివినా."

మిగతాది ఆగకుండా చదివేసింది. నా మొహం చూడటం మానేసింది. చివరి అక్షరం ఫ్యాను. అదీ కలిసింది.

ఆమే అడిగింది.

"సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా."

చెడిపోలేదు. అతను పంపింది పంపినట్టే వచ్చింది. గొంతు దారిలో ఎక్కడా పోలేదు, ఆసుపత్రి మంచం మీద కూర్చుని అతనే తీసేశాడు. వస్తానని చెప్పి రాలేని గొంతుని పొద్దున్నే ఈమె చెవిన వేయడం ఇష్టం లేక తీసేశాడు. నాకు అతని మీద పట్టరాని కోపం వచ్చింది. కోపంతోనే ఏడ్చాను కూడా, దాచుకోవడానికేముంది.

"నేను యినాల్సొస్తదని తీసేసినాడు" అంది ఆమె. "పెట్టేటప్పుడు నన్నడిగి పెట్టినాడు. తీసేటప్పుడు ఒక్క మాట అడగలా."

పాత ఇమేజ్ ఒక పెన్‌డ్రైవులో వేసి ఇస్తాను, ఇంట్లో దాచుకో అన్నాను. బళ్ళలో కొత్తదే నడుస్తుంది, నీకు మటుకు అది ఉంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు అని నచ్చచెప్పబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆయన ఉన్నన్నాళ్ళూ పాతది ఎవురికాడా ఉండనీలేదన్నా. నాకాడ ఉంటే నేను దాన్నే ఏసుకుంటా కూర్చుంటా. వద్దు." అతని మాట తనే అంది. "పెట్టేయండి."

పెట్టేశాను. నెట్టులో కొత్తది ఎక్కించి పాతది తీసేశాను. తర్వాత గదిలో మిషన్లు ఒక్కోటే కొత్తదానికి మార్చుకుంటూ వచ్చాను. ఆమె పక్కనే ఉండి ఒక్కోదాని వైర్లు తుడిచి పెట్టింది. చివరికి కిటికీ దగ్గరిది మిగిలింది. అన్నిటికంటే ముందు పలికేది అదే.

నేను పెన్‌డ్రైవు గుచ్చబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. తనే ఆ మిషనుని ఒకసారి ఆపి, మళ్ళీ స్విచ్చి వేసింది. తెర నల్లబడింది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"వస్తా ఉండా... కాస్త ఆగండి."

ఈసారి రా రా అనలేదు. తెర వెలిగేదాకా అలాగే నిలబడి, అప్పుడు పక్కకి జరిగింది.

"ఇంక దీంట్లో గూడా ఏసేయన్నా" అంది.